ముందు మాత్ర, తర్వాత నడక, ఆ పైన కాఫీ

(విశాఖపట్నంలో ఉదయపు నడకకు వచ్చేవారి సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెనుక నిలబడ్డవాళ్లు మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి. అలసట గురించి మాట్లాడుతూ మిమ్మల్ని నిలబెట్టి ఉంచడం అన్యాయం.

ఈ సమావేశానికి మీ కార్యదర్శి గారు మొదట పెట్టిన పేరు 'థైరాయిడ్‌ను నయం చేసే వ్యాయామాలు'. ఆ పేరు తీసేయమని నేనే అడిగాను. మెడ ముందు భాగంలో ఉండే ఆ చిన్న గ్రంథి చాలించుకున్న పనిని మళ్లీ మొదలుపెట్టించే వ్యాయామం ఏదీ లేదు. ఆ గ్రంథి మందగించిన మనిషికి మాత్రం వ్యాయామం చాలా అవసరం. ఈ రెండూ ఒకటే అనుకుని జనం రెండు విధాలుగా నష్టపోతున్నారు. కొందరు మాత్ర మానేసి మెడ తిప్పుకుంటూ కూర్చుంటారు. ఇంకొందరు మాత్ర వేసుకుంటున్నాం కదా, ఇంకేం కావాలి అని కుర్చీలోంచి కదలరు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఒకసారి చేతులు ఎత్తండి. చాలు, దించండి. మగవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఎత్తీ ఎత్తనట్టు ఎత్తారు. ఇది ఆడవాళ్లకే వచ్చే జబ్బని ఎవరో చెప్పి ఉంటారు. ఆడవాళ్లలో ఎక్కువ అన్నది నిజమే, మగవాళ్లకు రాదన్నది నిజం కాదు. మన దేశంలో హైదరాబాదుతో కలిపి 8 నగరాల్లో పెద్దవాళ్లకు రక్తపరీక్షలు చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. అందులో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉందని తేలింది. ఈ హాలులో ఒక్కో వరుసకు ఒకరు అనుకోండి.

అయోడిన్ ఉప్పు తింటున్నాం కదా, ఇంకా ఎందుకు వస్తోందని మీలో కొందరు అడుగుతారు. అయోడిన్ సరిపడా అందుతున్న చోట దీనికి ప్రధాన కారణం వేరే. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే ఆ గ్రంథిని శత్రువనుకుని దాడి చేస్తుంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హషిమోటో నలుగురు మహిళా రోగుల గ్రంథులను పరిశీలించి ఈ మార్పును మొదటిసారి వర్ణించాడు. మీ రిపోర్టుల మీద కనిపించే 'హషిమోటో' ఆయనే. దాడిలో పోయిన కణజాలం ఆసనాలతోనో ప్రాణాయామంతోనో తిరిగి రాదు. పోయిన హార్మోనును మాత్ర రూపంలో బయటి నుంచి ఇస్తాం. ఇది చాలా మందికి జీవితాంతం కొనసాగుతుంది. ఇందులో భయపడవలసింది ఏమీ లేదు, ఏడుస్తూ వేసుకోవలసినంత చేదు మాత్ర కూడా కాదు.

ఇప్పుడు కండరాల దగ్గరకు వద్దాం, నా పని వాటితోనే. కండరం ముడుచుకోవాలంటే దాని కణాల లోపల కాల్షియం విడుదల కావాలి. మళ్లీ సడలాలంటే ఆ కాల్షియాన్ని తిరిగి దాని నిల్వ గదుల్లోకి తోడివేయాలి. ఆ తోడే పంపులు ఎన్ని ఉండాలో నిర్ణయించేవాటిలో థైరాయిడ్ హార్మోను ముఖ్యమైనది. హార్మోను తగ్గితే పంపులు తగ్గుతాయి. కండరం నెమ్మదిగా బిగుస్తుంది, అంతకన్నా నెమ్మదిగా వదులుతుంది. ఆక్సిజన్ వాడుకుని శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కూడా మందగిస్తాయి. వోల్టేజి పడిపోయిన రాత్రి ఫ్యాను తిరుగుతుందే, ఆగిపోదు, గాలీ రాదు, సరిగ్గా ఆ స్థితి.

ఇది కంటికి కనిపించే విషయం. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోనును రక్తంలో కొలిచే పరీక్ష అందుబాటులోకి రాకముందు వైద్యులు మడమ వెనుక ఉండే లావుపాటి స్నాయువు మీద చిన్న సుత్తితో తట్టి, పాదం కదిలి తిరిగి తన చోటికి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసేవారు. ఆ సమయాన్ని కొలవడానికి ప్రత్యేకమైన యంత్రాలే ఉండేవి. థైరాయిడ్ తగ్గినవాళ్లలో పాదం కిందికి వెళ్లి, తీరిగ్గా వెనక్కి వస్తుంది. యంత్రం పెట్టి కొలవగలిగిన ఈ మందకొడితనాన్ని మన ఇళ్లలో బద్ధకం అని పిలుస్తారు. కోడలికి వస్తే బద్ధకం, అత్తగారికి వస్తే వయసు, కాలేజీకి వెళ్లే పిల్లకు వస్తే ఫోను. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలా మంది ఆ మాటను తామే నమ్మేసి ఉంటారు. వ్యాయామం నేర్పడం కన్నా ఆ మాటను వాళ్ల తలలోంచి తీసేయడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది.

ముందుగా దెబ్బతినేవి శరీరపు మొండేనికి దగ్గరగా ఉండే పెద్ద కండరాలు, అంటే తొడలు, తుంటి, భుజాలు. పీట మీద నుంచి లేవాలంటే పక్కన ఏదైనా పట్టుకోవాలి. ముగ్గు పెట్టి లేచేటప్పుడు అరచేయి నేలకు ఆనుతుంది. సిటీ బస్సు మొదటి మెట్టు ఎత్తుగా తోస్తుంది. జడ వేసుకునేటప్పుడు మధ్యలో చేతులు దించి సేదతీరాలి. వీటిని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బాగుపడుతున్నారా లేదా అన్నది కూడా వీటిలోనే కనిపిస్తుంది. బరువు చూపే యంత్రంలో కాదు.

గుండె సంగతి కూడా ఒక మాట. అది కొట్టుకునే వేగం తగ్గుతుంది, ఒక్కో స్పందనకు బయటికి పంపే రక్తమూ తగ్గుతుంది. రక్తనాళాలు సడలకుండా కొంచెం బిగుసుకుని ఉంటాయి, అందువల్ల బీపీలో కింది అంకె పెరగవచ్చు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇవేవీ తెలియవు. మెట్లెక్కినప్పుడు కండరం ఎక్కువ రక్తం అడుగుతుంది, గుండె ఇవ్వలేకపోతుంది, రెండో అంతస్తు దగ్గర ఆయాసం వస్తుంది. చెడ్డ కొలెస్ట్రాల్ పెరగడం కూడా దీనికి తోడు. మాత్ర సరైన మోతాదులో పడితే వీటిలో చాలా భాగం సర్దుకుంటుంది.

ఈ చికిత్స చరిత్రలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఒకటుంది. 1891లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు, థైరాయిడ్ పూర్తిగా పోయిన 46 ఏళ్ల మహిళకు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని ఇంజెక్షనుగా ఇచ్చాడు. అప్పటికి హార్మోనును కొలిచే పరీక్ష లేదు, అసలు ఆ హార్మోనును, అంటే థైరాక్సిన్‌ను, విడిగా తీయడం 1914 దాకా ఎవరికీ సాధ్యపడలేదు. మరి మందు పనిచేస్తోందని ఆయనకు ఎలా తెలిసింది? ముఖం వాపు తగ్గింది, మాట చురుకైంది, ఇంటిపని సులువైంది, వీధుల్లో తోడు లేకుండా నడవసాగింది. ఆయన రాసుకున్న ఫలితాలు ఇవే. ఆమె మరో 28 ఏళ్లు బతికింది. ఈ జబ్బుకు చికిత్స ఫలించిందని లోకానికి తెలిసినప్పుడు సాక్ష్యం చెప్పింది ఒక మనిషి నడక. మనం మాత్రం ఇవాళ ఒక్క అంకె చూసుకుని ఊరుకుంటున్నాం.

ఆ అంకె గురించే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. మీరు వేసుకునే లెవోథైరాక్సిన్ చాలా నెమ్మదైన మందు. ఇవాళ వేసుకున్న మోతాదులో సగం వారం తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందువల్ల మోతాదు మార్చిన తర్వాత ఒంట్లో దాని స్థాయి నిలకడగా కుదురుకోవడానికి ఆరు వారాలు పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్ చేయించమని వైద్యులు చెప్పేది అందుకే. సరే, ఒకామెకు ఎనిమిది వారాలకు రిపోర్టు వచ్చింది, అంకె హద్దుల్లోకి వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. మర్నాడే ఆమె జిమ్‌లో చేరింది, లేదా పక్కింటి వాళ్లతో కలిసి గంట నడిచింది. ఆ మర్నాడు మంచం దిగలేకపోయింది. 'నాకు వ్యాయామం పడదు' అని తీర్మానించుకుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఈ కథ చెప్పనివాళ్లు తక్కువ.

ఇక్కడ జరిగింది ఏమిటంటే, రక్తం బాగుపడింది, కండరం ఇంకా బాగుపడలేదు. పంపులు మళ్లీ తయారు కావాలి, నీరసించిన పోగులు మళ్లీ బలం పుంజుకోవాలి. దానికి వారాలు చాలవు, నెలలు పడతాయి. పైగా జబ్బు బయటపడక ముందే ఏడాదో రెండేళ్లో ఆమె కదలిక తగ్గించేసి ఉంటుంది. కదలని కండరం థైరాయిడ్ బాగున్నవాళ్లకైనా కరుగుతుంది. కాబట్టి రిపోర్టు బాగుండటం అంటే వ్యాయామం మొదలుపెట్టవచ్చునన్న అనుమతి మాత్రమే. ఎంత చేయాలన్నది రిపోర్టు చెప్పదు. దాన్ని చెప్పేది మర్నాటి ఉదయం.

నేను అందరికీ ఇచ్చే లెక్క ఇదొక్కటే. ఇవాళ చేసిన వ్యాయామం మీకు సరిపోయిందా, ఎక్కువైందా అన్నది చేస్తున్నప్పుడు తెలియదు. చేస్తున్నప్పుడు ఉత్సాహంగానే ఉంటుంది, పక్కన స్నేహితురాలు ఉంటే మరీను. రేపు పొద్దున మామూలుగా లేచి, మామూలుగా పళ్లు తోముకుని, మామూలుగా వంటింట్లోకి వెళ్లగలిగితే నిన్న చేసింది సరైన మోతాదు. తొడల్లో కాస్త తీపు ఉన్నా పరవాలేదు, అది రెండు రోజుల్లో పోతుంది. ఒళ్లంతా బరువెక్కి, మధ్యాహ్నం దాకా మబ్బుగా ఉంటే నిన్నటి దానిలో సగానికి తగ్గించండి. మానేయమనడం లేదు, సగం చేయమంటున్నాను. ఆ సగంతో వారం గడవనివ్వండి. తర్వాత పెంచేటప్పుడు నిమిషాలైనా పెంచండి, వేగమైనా పెంచండి. రెండూ ఒకే వారంలో వద్దు.

ఎంతతో మొదలుపెట్టాలి? చదునైన దారిలో ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఆ నవ్వులు నాకు వినిపిస్తున్నాయి. రోజూ ఎన్నో కిలోమీటర్లు నడిచేవాళ్లకు ఐదు నిమిషాలు హాస్యంగానే ఉంటుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో, కనీసం పది నిమిషాలు ఏకధాటిగా చేస్తేనే లెక్క అన్న పాత నియమాన్ని తీసేసింది. మూడు నిమిషాలూ లెక్కలోకే వస్తాయి. పెద్దవాళ్లకు అది చెప్పిన గురి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితోపాటు రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని. అది గురి, మొదటి వారం చేరవలసిన చోటు కాదు. మూడు నాలుగు నెలలకు చేరినా నేను మెచ్చుకుంటాను.

వేగం ఎంత ఉండాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి చాలకూడదు. చేతి గడియారం చూపే గుండె వేగాన్ని మొదటి నెలల్లో నమ్ముకోవద్దు. థైరాయిడ్ తగ్గినవాళ్ల గుండె వేగం ముందే తక్కువ, కొందరు బీపీకి వేసుకునే మందులు దాన్ని ఇంకా తగ్గిస్తాయి. గడియారం చెప్పిన అంకె అందుకోవాలని పరుగెత్తితే మిగిలేది ఆయాసమే.

మన ఊరిలో నడకకు వీధి ఎంచుకోవడం కూడా ఒక విద్యే. బీచ్ రోడ్డు తెల్లవారుజామున బాగుంటుంది, వాహనాలు ఉండవు. కానీ కొత్తవాళ్లు ఇసుకలోకి దిగవద్దు. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది. చెప్పులు విడిచి ఇసుకలో నడిస్తే ఆరోగ్యమని ఎవరో అంటారు, మీరు నడుస్తారు, మర్నాడు పిక్కలు పట్టేస్తాయి. వాల్తేరు అప్‌ల్యాండ్స్ వైపు ఉండేవాళ్లకు ఇంటి గేటు దాటగానే ఎత్తు ఎదురవుతుంది. వాళ్లు మొదటి కొన్ని వారాలు అపార్టుమెంటు సెల్లారులోనో, మేడ మీదనో నడవండి. అందంగా ఉండదు కానీ చదునుగా ఉంటుంది. ఎండాకాలంలో మన ఉక్కపోత సంగతి మీకు తెలిసిందే, ఉదయం ఏడు దాటితే ఇంటి లోపలే చేసుకోవడం మేలు. చలికాలంలో థైరాయిడ్ తగ్గినవాళ్లకు వేడి పుట్టడమే తక్కువ, కండరాలు బిగుసుకుని ఉంటాయి. అప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ తిరిగి ఒళ్లు వేడెక్కాక బయటికి రండి.

ఇప్పుడు కాఫీ విషయం. లెవోథైరాక్సిన్‌ను ఖాళీ కడుపుతో, నీళ్లతో వేసుకోవాలి. తర్వాత అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, కాఫీ టీలు తాగకూడదు. కాఫీ ఆ మందును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మన ఇళ్లలో ఆ గంట గడవడం ఎంత కష్టమో నాకు తెలుసు, డికాషన్ వాసన వస్తూ ఉంటే మరీను. అందుకే ఆ గంటను నడకకు ఇవ్వమంటాను. లేవగానే మాత్ర, గ్లాసు నీళ్లు, చెప్పులు వేసుకుని బయటికి. తిరిగి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి కాఫీకి వేళవుతుంది. ఒకే ఏర్పాటుతో రెండు పనులు సాగుతాయి. షుగరుకు ఇన్సులిన్ గానీ, షుగరు బాగా పడిపోయేలా చేసే మాత్రలు గానీ వాడేవాళ్లు మాత్రం ఖాళీ కడుపుతో నడిచే ముందు మీ వైద్యుణ్ని అడగండి. ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకునేవాళ్లు వాటికీ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉంచండి. ఉదయం అస్సలు కుదరనివాళ్లు రాత్రి భోజనం అయిన మూడు గంటల తర్వాత వేసుకోవచ్చునేమో వైద్యుణ్ని అడిగి మార్చుకోండి. ఇంకొకటి, ఆ మాత్రల సీసాను పొయ్యి పక్క అలమారలో పెట్టకండి. వేడికీ తేమకూ మందు చెడుతుంది.

ఇక్కడ కూర్చున్న మగవాళ్లకు ఒక విన్నపం. మీ ఆవిడ పొద్దున్నే అరగంట నడకకు వెళ్లాలంటే ఆ అరగంట పాలు కాచేదెవరు, పిల్లలను లేపేదెవరు, టిఫిను డబ్బాలు సర్దేదెవరు? దీనికి జవాబు లేని ఇంట్లో నేను ఎంత చెప్పినా నడక సాగదు. వ్యాయామం చేయడం లేదని భార్య మీద ఫిర్యాదు చేసే భర్తలకు నేను చీటీ మీద రాసి ఇచ్చేది ఇదే: ఉదయం ఆరు నుంచి ఆరున్నర దాకా వంటిల్లు మీది. (నవ్వులు.) నవ్వితే కాదు, రాసుకోండి.

'ఇంటిపని చేస్తూనే ఉన్నాను కదా, అది వ్యాయామం కాదా' అని అడుగుతారు. అలసటే, వ్యాయామం మాత్రం సగమే. గంటల తరబడి నిలబడి చేసే పనిలో కాళ్లు వాస్తాయి గానీ తొడ కండరానికి బలం పెరగదు. బలం పెరగాలంటే అది అలవాటుపడిన దానికన్నా కాస్త ఎక్కువ బరువు మొయ్యాలి, తర్వాత ఒక రోజు విశ్రాంతి దొరకాలి.

దానికి ఒక కుర్చీ చాలు. కదలకుండా గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోండి, పాదాలు నేల మీద పూర్తిగా ఆనాలి. చేతులు ఆనించకుండా లేవండి, నిలబడండి, నెమ్మదిగా కూర్చోండి. ఆ కూర్చోవడం ముఖ్యం. ధభీమని పడిపోకుండా తొడలతో పట్టి ఆపుతూ దిగాలి. ఐదుసార్లు చేయలేకపోతే కుర్చీ మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచుకోండి. ఎనిమిది, పది సార్లు తేలికగా వస్తున్నప్పుడు దిండు తీసేయండి. ఇది రోజు విడిచి రోజు. భుజాలకు గోడ ఉంది. గోడకు ఒక అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి, మళ్లీ వెనక్కి నెట్టుకోండి. అరచేతుల్లో తిమ్మిర్లు వచ్చేవాళ్లు పిడికిలి బిగించి ఆనించండి. థైరాయిడ్ తగ్గినవాళ్లలో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం తరచుగా చూస్తాం, మణికట్టు వంచి బరువు వేస్తే అది ఎక్కువవుతుంది. భుజం పట్టేసినవాళ్లు చెయ్యి పైకి లేపే వ్యాయామాలు సొంతంగా చేయకండి, ఎవరికైనా చూపించుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. చాలా కాలం తర్వాత ఒక్కసారిగా శ్రమపడినప్పుడు కండరాలు విపరీతంగా నొప్పి పెట్టి, వాచి, మూత్రం డికాషన్ రంగులోకి మారితే అది ఇంట్లో పడుకుని తగ్గించుకునేది కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండరం నుంచి వచ్చిన పదార్థం మూత్రపిండాలను పాడుచేస్తుంది. అరుదే, కానీ మాత్ర వేసుకోకుండా వ్యాయామంలోకి దిగినవాళ్లకు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ మందులు వాడేవాళ్లకు ఆ ప్రమాదం కాస్త ఎక్కువ. అలాగే నడుస్తుంటే ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం, నిలబడి సేదతీరినా తగ్గని ఆయాసం వస్తే ఆ రోజుకు నడక ఆపి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. గుండె దడదడలాడటం, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం ఉంటే మాత్ర మోతాదు ఎక్కువైందేమో పరీక్షించుకోవాలి. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి సాగితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉండి, ముఖం, కాళ్లు వాచి ఉన్నవాళ్లు, గుండెజబ్బు ఉన్నవాళ్లు వైద్యుడు సరే అనేదాకా ఇంట్లో మామూలు కదలికలతో సరిపెట్టుకోండి.

సర్వాంగాసనం గురించి అడగకుండా నన్ను ఎవరూ వదలరు కాబట్టి నేనే చెప్పేస్తాను. గడ్డం గొంతుకు నొక్కుకుంటుంది కాబట్టి థైరాయిడ్ మేల్కొంటుందని ప్రచారం. నొక్కితే మేల్కొనే గ్రంథి అయితే నేను రోజూ పది మందికి బొటనవేలితో నొక్కి పంపేదాన్ని. బీపీ, గ్లకోమా, మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్లకు ఆ ఆసనం ప్రమాదం. యోగా మంచిది, బిగుసుకున్న కీళ్లకు, నిద్రకు, మనసుకు చాలా మంచిది. నా దగ్గరకు వచ్చేవాళ్లకు తాడాసనం, మార్జాలాసనం, శవాసనం నేనే చేయిస్తాను. యోగా మాత్రకు బదులని చెప్పేవాళ్లతోనే నా తగవు.

బరువు. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగైదు కిలోలు, అందులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరూ. మాత్రతో అది దిగుతుంది. మిగిలిన బరువు అందరికీ ఉన్న కారణాల వల్లే వచ్చింది, అందరిలాగే తగ్గాలి. ఆరు వారాలు నడిచినా యంత్రం ముల్లు కదలలేదని మానేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అదే ఆరు వారాల్లో వాళ్లు పీట మీద నుంచి చేయి ఆనించకుండా లేవడం మొదలుపెట్టి ఉంటారు, దాన్ని మాత్రం లెక్కపెట్టుకోరు.

చీటీలు వచ్చాయి, కొన్ని చదువుతాను.

'క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలా?' అక్కర్లేదు. ఉడికించి, మామూలు మోతాదులో, అయోడిన్ ఉప్పుతో తినండి.

'టీఎస్‌హెచ్ సరిగానే ఉంది, నడుస్తూనే ఉన్నాను, ఏడాదైనా నీరసం పోలేదు.' అలాంటప్పుడు థైరాయిడ్‌నే పట్టుకుని వేలాడకూడదు. హీమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు, బీ12, షుగరు చూపించుకోండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయేవాళ్లలో, శాకాహారుల్లో అసలు కారణం తరచుగా అక్కడే దొరుకుతుంది. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఉలిక్కిపడి లేస్తున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి. మనసు దిగులుగా ఉంటే అది కూడా వైద్యుడికి చెప్పండి. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి. వాటివల్ల థైరాయిడ్ పరీక్షలో అంకెలు తప్పుగా రావచ్చు. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపమంటారు.

'వ్యాయామంతో రిపోర్టు బాగా వచ్చింది, మాత్ర ఆపేయనా?' బాగా వచ్చింది మాత్ర వల్లనమ్మా. ఆపకండి.

చివరి చీటీ. దీని కోసమే ఎదురుచూస్తున్నాను, ఆషాఢం దగ్గర పడితే ఎవరో ఒకరు అడుగుతారు. 'సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కుకున్నాను. థైరాయిడ్ ఉంది. చేయవచ్చా?' 32 కిలోమీటర్లు, అదీ చాలా మంది రాత్రంతా, చెప్పులు లేకుండా. నిరుడు మొదలుపెట్టి ఇప్పుడు రోజూ గంట తేలికగా నడుస్తున్నవాళ్లయితే, రెండు మూడు వారాల ముందు ఒకసారి పన్నెండు, పదిహేను కిలోమీటర్లు నడిచి చూసుకోండి. మర్నాడు ఉదయం మీకే తెలుస్తుంది. ఈ మధ్యే మాత్ర మొదలుపెట్టినవాళ్లు ఈ ఏడాది కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, మొక్కును వచ్చే ఆషాఢానికి వాయిదా వేసుకోండి. నడిచేవాళ్లు దారిలో ప్రతి గంటకూ కాసేపు కూర్చోండి, నీళ్లతోపాటు ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. ఆ తెల్లవారుజామున మాత్ర సంగతి అందరూ మరిచిపోతారు. ఒక మాత్రను పొడి డబ్బాలో వేసి కొంగుకో జేబుకో జాగ్రత్తచేసుకోండి. అలసిపోయి వేసుకోకపోయినా గాభరా పడవద్దు, ఒక్క పూటకు ఏమీ కాదు. ఇంటికి వచ్చాక గుర్తొస్తే, ఏమీ తినక ముందు వేసుకోండి.